అంబారీ ఏనుగును చుట్టిన పేపరు

పటమటలో చీరకు ఫాల్ కుట్టేవాళ్లకు కొదవేమీ లేదు. మెయిన్ రోడ్డు పొడుగునా మిషన్లు వేసుకుని కూర్చుని, గంటలో కుట్టి చేతిలో పెట్టేవాళ్లు బోలెడుమంది. అయినా సరే, మంచి చీర కొనుక్కున్న ఇల్లాలు రైతుబజారు వెనక సందులో ఉన్న శివపార్వతి దగ్గరికే వెళ్తుంది. ఆవిడ "వచ్చే సోమవారం ఇస్తానండీ" అంటే మారు మాట్లాడకుండా సోమవారం దాకా ఆగుతుంది. శివపార్వతిది చేతికుట్టు. ఫాల్ ఉన్నట్టు చీర పైకి తెలియదు. ఎక్కడైనా ఒక్క పోగు కనిపించిందా, ఎవరూ అడగకుండానే మొత్తం విప్పేసి మళ్లీ మొదటినుంచి కుడుతుంది. యాభై అయిదేళ్లొచ్చాయి, కళ్లజోడు నంబరు పెరిగింది, ఆ పద్ధతి మాత్రం మారలేదు.

ఇంత నికార్సయిన మనిషికి ఒక పిచ్చి ఉందంటే నమ్మబుద్ధి కాదు. పాత పేపర్ల పిచ్చి. కొందరు బీరువా అడుగున ఏళ్ల తరబడి పరిచి ఉన్న పేపరు లాగి, దాంట్లో చీర చుట్టుకుని తెస్తారు. శివపార్వతి ముందు చీర చూడదు, పేపరు మీద తేదీ చూస్తుంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఈ పేపరు నాకు వదిలేస్తారా అండీ" అంటుంది. వాళ్లు నవ్వి వదిలేస్తారు. అలా వదిలేసినవీ, చిత్తుకాగితాల కొట్లో ఏరుకొచ్చినవీ కలిసి ఇప్పుడు పదకొండు అట్టపెట్టెలయ్యాయి. భర్త పాండురంగయ్య వన్‌టౌన్ బట్టల కొట్లో రోజంతా నిలబడి సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలోనే కాలికి పెట్టె తగులుతుంది. "ఈ ఇంట్లో అద్దెకున్నది మనమా, నీ పేపర్లా" అంటాడు. అంటాడే గాని, కొట్లో పాత పేపరు కంటబడితే మడిచి జేబులో పెట్టుకొచ్చేది కూడా ఆయనే.

ఆ పెట్టెల్లో ఏముందయ్యా అంటే, వాళ్ల వంశమే ఉంది. పదో తరగతి ఫలితాల పేజీలో చీమల బారుల్లా ఉన్న నంబర్ల మధ్య బాబాయి నంబరు ఎర్ర పెన్సిలుతో చుట్టి ఉంది. యాభై మూడులో అచ్చయిన ఒక ఫొటోలో పెడన బడిపిల్లలు దసరాకి రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లులు పట్టుకుని, పంతులుగారి వెనక పప్పుబెల్లాల కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు. మూడో వరసలో చెవులు ముందుకు పొడుచుకొచ్చిన పిల్లాడు వాళ్ల నాన్న. చుట్టాలకు ఏ సందేహమొచ్చినా శివపార్వతికే ఫోన్ చేస్తారు. తాతయ్య పోయింది పుష్కరాల ముందా, తర్వాతా? ఫలానా దీపావళికి వాన పడి, ఇంట్లో కూరుకున్న మతాబులు తడిసిపోయాయా, లేక అది ఇంకో ఏడా? "నాకు బాగా గుర్తుంది" అని వాళ్లు మొదలెడితే ఈవిడ ఒప్పుకోదు. "గుర్తుంటే సరిపోదండీ, చూడాలి" అంటుంది. తన పెట్టెల్లో దొరక్కపోతే గవర్నరుపేటలో ఒక పాత గ్రంథాలయానికి వెళ్తుంది. అక్కడ పత్రికల గది చూసే ఎలీషా ఆవిడ మెట్లెక్కడం కనిపించగానే ఫ్యాను వేసి, బల్ల తుడిచి ఉంచుతాడు.

ఇన్ని పేపర్లు విప్పిన మనిషి విప్పని పేపరు ఇంట్లోనే ఒకటుంది. తల్లి కనకలక్ష్మి బీరువాలో, పై అరలో, ఒక చీర పేపరు చుట్టి పురికొస కట్టి ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ముడి అలాగే ఉంది. శివపార్వతి దుమ్ము దులుపుతుంది, నాఫ్తలిన్ ఉండలు మారుస్తుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. అందులో ఏముందో ఆవిడకు తెలుసు. విప్పే హక్కు తనది కాదనీ తెలుసు.

ఆ సంగతి చెప్పాలంటే ఎనభై ఆరు దసరాకి వెళ్లాలి. వాళ్లది పెడనలో నేతవారి ఇల్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద ఒకే మగ్గం నేసేవారు. పెద్దకోడలు రావమ్మ, చిన్నకోడలు కనకలక్ష్మి. అత్తగారు ఆదెమ్మ మూలన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఏటా దసరాకి ఆ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేవాళ్లు. పై మెట్టు మీద ఎప్పుడూ ఒకటే బొమ్మ, కొండపల్లిలో చేసిన అంబారీ ఏనుగు, ఆదెమ్మ అత్తగారి నాటిది. విజయదశమి సాయంత్రం ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువుకు నిద్ర చెప్పేవాళ్లు. మర్నాడు, ఏకాదశి పొద్దున, బొమ్మలన్నీ దించి పాత పేపర్లలో చుట్టి భోషాణంలో సర్దేవాళ్లు. సర్దే పని కనకలక్ష్మిది. ఆ చేతిలో బొమ్మ పెచ్చు కూడా ఊడదని పేరు.

ఆ ఏడు ఒక మగ్గం తిండి రెండు సంసారాలకు చాలదని తేలిపోయింది. తమ్ముడికి బెజవాడ బట్టల కొట్లో పని దొరికింది. ఏకాదశి నాడు పొద్దున కనకలక్ష్మి బొమ్మలు సర్దింది. మధ్యాహ్నం వర్జ్యం వెళ్లాక సామాను లారీకెక్కించుకుని, పదహారేళ్ల శివపార్వతిని పక్కన కూర్చోబెట్టుకుని పటమట వచ్చేసింది.

మరుసటేడు దసరాకి తల్లీకూతుళ్లు ఇద్దరూ బస్సెక్కి పెడన వెళ్లారు. పేరంటానికి కట్టుకోవాలని కనకలక్ష్మి కొత్త జరీ చీర ఒకటి పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుంది. భర్త పెడనలో ఆఖరుసారి మగ్గం మీంచి దించిన చీర అది. వీధిలోని ఆడవాళ్లంతా అప్పటికే వచ్చి కూర్చున్నారు. కొలువులో పై మెట్టు ఖాళీగా ఉంది. రావమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వరసగా అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చి, కనకలక్ష్మి దగ్గర ఆగింది. "ఏనుగును ఎత్తుకెళ్లినవాళ్లకి నా చేత్తో బొట్టు పెట్టను" అంది. అని పక్కావిడకు పెట్టింది. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆ మహాతల్లికే తెలియాలి. భోషాణం సర్దింది కనకలక్ష్మి, ఆ పూటే లారీ ఎక్కిందీ కనకలక్ష్మి, భోషాణం తెరిస్తే ఏనుగు లేదు. ఆవిడ లెక్క అది. అత్తగారు ఆదెమ్మను అడుగుదామంటే, ఆవిడ అంతకు ముందు కార్తీకంలోనే కన్నుమూసింది.

 కనకలక్ష్మి చీర పొట్లం చంకలోంచి తీయకుండానే వెనక్కి తిరిగి సాయంత్రం బస్సెక్కింది. ఆ తర్వాత ఏ ఇంటి పేరంటానికీ వెళ్లలేదు. దసరా పది రోజులూ వీధి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. భర్త ఉన్నన్నాళ్లూ అంతే, పోయాకా అంతే. ఇప్పుడు ఆవిడకు డెబ్బై ఎనిమిది. నిరుడు గుండెకి స్టెంటు వేశారు. "అమ్మ ఉండగానే ఆ మాట పోవాలి, పోయాక పోతే ఎవరిక్కావాలి" అని శివపార్వతి ఒకటి రెండుసార్లు భర్త దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ చేతిలో ఆధారమేదీ లేదు. ఇలాంటివి ఏ పేపర్లో వేస్తారు?

ఈ ఏడు వినాయక చవితి వెళ్లిన వారానికి ఉయ్యూరు నుంచి చక్రి ఫోన్ చేశాడు. చక్రి రావమ్మ మనవడు, పంచదార ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాయనమ్మను తన దగ్గరే ఉంచుకున్నాడు. పెద్దవాళ్ల పంతాలు పెద్దవాళ్లవి గాని, అతను శివపార్వతిని అత్తా అనే పిలుస్తాడు.

"అత్తా, పెడన ఇల్లు పడగొడుతున్నామని చెప్పాను కదా. అటక మీద ఏనుగు దొరికింది."

శివపార్వతి చేతిలో సూది ఆగిపోయింది. "ఏ ఏనుగురా?"

"ఆ ఏనుగే. గోనెమూటలో పాత కండెల మధ్య ఉంది. పేపరు చుట్టి ఉంది."

"మరి పెద్దమ్మ ఏమంది?"

చక్రి కాసేపు నసిగాడు. "ఏమంటుంది అత్తా. కనకమే అటక మీద దాచిందన్నమాట, తర్వాత వచ్చి పట్టుకెళ్దామనుకుంది అంటోంది."

చూశారా, దొరకడం కూడా నేరమే అయింది. శివపార్వతికి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "ఏనుగు సంగతి తర్వాత. చుట్టిన పేపరు ఉందా, పారేశారా?" అని అడిగింది. చెదలు తిన్నది తినగా అరచేతి పాటి ముక్క మిగిలిందన్నాడు. "అది నలక్కుండా పుస్తకంలో పెట్టి పంపు" అంది.

ముక్క వచ్చింది. తేదీ ఉండే పైభాగం చెదల పాలైంది. మిగిలినదాంట్లో సగం వార్త ఉంది. విజయదశమి సాయంత్రం బెజవాడలో కృష్ణలో అమ్మవారి తెప్పోత్సవం జరిగిందట, హంస వాహనం మూడుసార్లు తిరిగిందట, జనం తొక్కిసలాడుతుంటే పోలీసులు ఘాట్ మెట్ల మీద తాళ్లు కట్టారట. వెనక వైపు ఆ రోజుల్లో ఆడుతున్న సినిమాల ప్రకటన ముక్క. ఆ సినిమాలను బట్టి ఎనభై ఆరేనని తేల్చడానికి ఆవిడకు పావుగంట పట్టలేదు.

ఏడు తేలింది గాని రోజు మాటేమిటి? విజయదశమి సాయంత్రం జరిగింది మర్నాడు పొద్దున పేపర్లో వస్తుంది. మర్నాడంటే ఏకాదశి. ఏకాదశి పొద్దున పేపర్లు ముందేసుకుని బొమ్మలు చుట్టింది అమ్మే. శివపార్వతి వేళ్ల మీద ఒకసారి లెక్క వేసింది, రెండుసార్లు వేసింది. ఎన్నిసార్లు వేసినా అక్కడికే వస్తోంది. రావమ్మ అన్నదే నిజమని ఆ ముక్క చెబుతోంది.

రెండు రోజులు ఆవిడకు అన్నం సయించలేదు. మూడో రోజు ఉండబట్టలేక తల్లి మంచం పక్కన కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా, ఆ రోజు ఏనుగును ఏ పేపర్లో చుట్టావు?" అని అడిగింది.

కనకలక్ష్మి కూతురి మొహం వంక చూసింది. ఆవిడకు చెవులు సరిగా వినపడవు గాని కళ్లకేం కాలేదు. "పేపర్లో ఎందుకు చుడతాను? మీ నాన్న పాత పంచె చింపి చుట్టాను. భోషాణంలో అన్నిటికంటే పైన పెట్టాను." అని ఆగి, నెమ్మదిగా, "నువ్వూ అడిగావా" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఒక్క మాటకి శివపార్వతి కుమిలిపోయింది. నలభై ఏళ్లు పక్కనున్న తనే తల్లిని అలా అడిగింది. ఇంకొకరైతే అక్కడితో ఆ ముక్కను చింపేసి ఊరుకునేవారు. శివపార్వతి అలా ఊరుకునే మనిషి కాదు. కుట్టు ఎక్కడో తప్పింది, మొదటినుంచి విప్పాలి అనుకుంది. మర్నాడు చీరలన్నీ పక్కన పెట్టి గవర్నరుపేట వెళ్లింది.

ఎలీషా ఎనభై ఆరు అక్టోబరు కట్ట దించి బల్ల మీద పెట్టాడు. అట్టలో కుట్టిన పేపర్లు, అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. శివపార్వతి దసరా రోజు పేపరు తీసింది. దాని తర్వాతి పేజీ తిప్పింది. తేదీ చూసి ఆగింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది.

"ఎలీషా గారూ, మధ్యలో ఒక రోజు పేపరు లేదండీ. ఎవరైనా చింపుకుపోయారా?"

ఎలీషా వంగి చూసి నవ్వాడు. "చింపడానికి అసలు ఉంటే కదమ్మా. దసరా నాడు పేపరాఫీసులకు సెలవు. మర్నాడు పేపరు రాదు. ఏ పేపరూ రాదు. ఇప్పటికీ అంతే కదండీ."

దసరా నాటి పేపరు అడుగున, మూలగా, గీతల చట్రంలో రెండు వాక్యాలున్నాయి. విజయదశమి సందర్భంగా కార్యాలయానికి సెలవు, రేపు పత్రిక వెలువడదు. రోజూ పేపరు చదివే మనిషికి పేపరు వచ్చిన రోజులే గుర్తుంటాయి. రాని రోజు పొద్దున కాసేపు విసుక్కుని మర్చిపోతాం. పదకొండు పెట్టెల పేపర్లున్న శివపార్వతీ అలాగే మర్చిపోయింది.

తెప్పోత్సవం వార్త ద్వాదశి నాటి పేపర్లో, మూడో పేజీలో ఉంది. శివపార్వతి పుస్తకంలోంచి చెదల ముక్క తీసి ఆ వార్త మీద పెట్టింది. చెదలు ఎక్కడ ఆపేశాయో అక్కడినుంచి కింద పేజీలో అక్షరాలు మొదలయ్యాయి. పోలీసులు తాళ్లు కట్టిన వాక్యం ముక్క మీద సగం, పేజీ మీద సగం పూర్తయింది. అంటే ఆ పేపరు పెడన చేరేసరికి కనకలక్ష్మి పటమటలో కొత్త పొయ్యి మీద పాలు పొంగించి ఒక రాత్రి గడిచింది. శివపార్వతి చేతులు బల్ల మీద పెట్టుకుని ఏడ్చింది.  ఫ్యాను గాలికి ముక్క ఎగిరిపోకుండా ఎలీషా దాని మీద స్కేలు పెట్టాడు.

రెండు పేజీలు జిరాక్స్ తీయించుకుని ఆ మధ్యాహ్నమే ఉయ్యూరు బస్సెక్కింది. రావమ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై అయిదేళ్లు, మనిషి వంగింది గాని గొంతు వంగలేదు.

"రా పార్వతీ, కూర్చో. మీ అమ్మ తరఫున వకీలువై వచ్చావా?"

"లేదు పెద్దమ్మా. ఒకటి అడిగి పోదామని వచ్చాను. ఆ ఏడు మేం పెడన నుంచి ఎప్పుడు బయల్దేరాం?"

"పండగ మర్నాడు. ఏకాదశి. మధ్యాహ్నం వర్జ్యం వెళ్లాక లారీ ఎక్కారు. నాకేం మతిమరుపు లేదు."

"ఆ తర్వాత అమ్మ మళ్లీ పెడన ఎప్పుడొచ్చింది?"

"మీ నాయనమ్మ దినానికి. అదీ ఒక్క పూట, వీధి అరుగు మీదే కూర్చుని పోయింది."

శివపార్వతి రెండు జిరాక్స్‌లూ, చెదల ముక్కా మంచం మీద పరిచింది. సెలవు ప్రకటన చూపించింది. ద్వాదశి తేదీ చూపించింది. ముక్కను దాని చోట పెట్టింది. గొంతు పెంచలేదు, దెప్పలేదు. "అమ్మ వెళ్లిన మర్నాడు వచ్చిన పేపరు పెద్దమ్మా ఇది" అంది, అంతే. వాదన మొత్తం రావమ్మే చెప్పేసింది కదా, ఇంక చెప్పడానికి ఏముంది.

రావమ్మ అద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. చక్రిని పిలిచి ఆ గోనెమూట తెమ్మంది. కండెలు ఒక్కొక్కటే తీసి చూసింది. "ఇది అత్తగారి మూట" అంది చివరికి. "ఆవిడ తప్ప దీన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లం కాదు. మీరు వెళ్లిపోయాక పంచలో కూర్చుని రెండు రోజులు ఏడ్చింది. ఇల్లు రెండయింది, ఇంక ఈ ఏనుగు ఎవరిదని కొట్టుకుంటారో అని దాచేసి ఉంటుంది. చెబుదామనే అనుకుని ఉంటుంది. పోయింది."

 శివపార్వతి లేచి వస్తుంటే రావమ్మ వెనకనుంచి అడిగింది. "మీ అమ్మకి చెవులు వినిపిస్తాయా?"

"గట్టిగా చెప్పాలి పెద్దమ్మా."

"గట్టిగానే చెప్పాలి" అంది రావమ్మ.

నవరాత్రులు రేపనగా, పొద్దున పదింటికి, పటమట సందులో చక్రి కారు ఆగింది. అది శివపార్వతికి ఊపిరాడని రోజు. ముందుగదిలో చీరల కోసం వచ్చిన ఆడవాళ్లు ఏడెనిమిదిమంది ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి రావమ్మ మనవడి భుజం పట్టుకుని నడిచి వచ్చి, కనకలక్ష్మి కుర్చీ ముందు నిలబడింది. చంకలో గుడ్డ చుట్టిన ఏనుగు, చేతిలో పాత కుంకుమ భరిణె.

"కనకం," అంది, వీధి చివరిదాకా వినపడేలా. "నువ్వు తీయలేదు. అత్తగారు దాచారు. నేను నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెబుతున్నాను. నాది తప్పు."

 కనకలక్ష్మి ఏనుగును ఒళ్లో పెట్టించుకుంది. అంబారీ అంచు మీద వేలు రాసి, "ఈ పెచ్చు నేను కాపురానికి రాకముందు ఊడింది" అంది. 

రావమ్మ భరిణె మూత తీసింది. తీసి, వేలు ముంచబోయి ఆగిపోయింది. ఇద్దరికీ భర్తలు పోయారు. బొట్టు పెట్టే యోగ్యత తనకు లేదని, పెట్టించుకునే యోగ్యత ఆవిడకు లేదని చెప్పే లోకంలోనే ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. పెట్టాల్సిన రోజున పెట్టని చెయ్యి ఇప్పుడు భరిణె మీదే ఉండిపోయింది.

"నాకిప్పుడు ఆ హక్కు లేదేమో కనకం."

కనకలక్ష్మి కుర్చీలోంచి ముందుకు వంగింది. పన్నెండేళ్లుగా బోసిగా ఉన్న నుదురు ఆ చేతికి అందేలా ఎత్తి పట్టింది. "పెట్టక్కా" అంది.

రావమ్మ పెట్టింది. బొట్టు కాస్త వంకరగా వచ్చింది. "రేపు ఉయ్యూరులో కొలువు పెడుతున్నాం. పేరంటానికి రావాలి" అంది, కళ్లు తుడుచుకోకుండానే.

కనకలక్ష్మి తల ఊపింది. కూతురి వైపు తిరిగింది. "పార్వతీ, ఆ చీర తియ్యి. పాతబడిందేమో, ఫాల్ కూడా కుట్టలేదు దానికి."

శివపార్వతి బీరువా తెరిచి పై అరలోంచి పొట్లం దించింది. పురికొస ముడి గోటితో విప్పింది. ఎనభై ఏడు దసరా నాటి పేపరు పసుపుపచ్చగా మారి మడతల దగ్గర విరిగిపోతోంది. పేపరు కనిపిస్తే ముందు తేదీ చదివే మనిషి, దాన్ని చదవకుండా పక్కన పెట్టింది. చీర మడతలు విప్పి, అంచు దులిపి, గదిలో ఉన్న ఆడవాళ్లతో, "మీ చీరలన్నీ ఎల్లుండే ఇస్తానండీ, ఏమీ అనుకోవద్దు" అని చెప్పి సూదిలో దారం ఎక్కించింది.